నాలుగో నంబర్ డబ్బా

మా ఆయన పోయిన నాలుగైదు నెలలకి నేను కాఫీ ఫిల్టర్ల డబ్బాని చూసి భయపడటం మొదలుపెట్టాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్‌లో కాఫీ పెట్టడం ఆయన పని. మెషీన్‌లో డికాక్షన్ దిగాలి, పాలు విడిగా కాగాలి, నేను వేలు పెట్టకూడదు. గరాటులా ఉండే కాగితం ఫిల్టర్, నాలుగో నంబర్. ఒకసారి నన్ను పంపితే రెండో నంబర్‌ది తెచ్చాను. అది మెషీన్‌లో కూలబడి, పొడంతా డికాక్షన్‌లోకి దిగింది. "ఎమ్మెస్సీ చదివావు, డబ్బా మీద అంకె చదవలేవా?" అన్నారు. "అంత తెలిసినవారు మీరే తెచ్చుకోండి" అన్నాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళూ ఆయనే తెచ్చుకున్నారు.

ఆ ఫిల్టర్‌కి అడుగున ఒకటి, పక్కన ఒకటి అతుకులుంటాయి. వాటిని మడిస్తేనే మెషీన్‌లో సరిగ్గా కూర్చుంటుంది. లోకంలో ఎవరైనా ఏ రోజుది ఆ రోజు మడుచుకుంటారు. ఈయన ఆదివారం టీవీలో వార్తలు పెట్టుకుని, ఎడమ మోచెయ్యి బల్లకి ఆనించి, విస్తళ్ళు కుట్టినట్టు వందా ఒకేసారి మడిచేవారు. ఒక్కో మడత మీదా బొటనవేలి గోటితో గట్టిగా గీసి డబ్బాలో నిలబెట్టేవారు. మూత మీద పెన్నుతో తేదీ వేసేవారు. పచ్చడి సీసాల మీదా, బ్యాటరీల మీదా కూడా తేదీ వేసే మనిషి.

ఆఖరి డబ్బా ఆకులు రాలే రోజుల్లో తెరిచారు. వందా మడిచిన వారానికి ఆస్పత్రిలో చేరారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

రాజమండ్రి నుంచి మా అక్క రోజూ ఫోన్. "ఒక్కదానివీ ఆ చలిలో ఏం చేస్తావే? వచ్చెయ్, నా పక్కగది నీకోసం ఖాళీ చేయించాను." మా అమ్మాయి పార్సిప్పనీలో ఉంటుంది, గంట దూరం. దాన్ని అడిగాను, వెళ్ళిపోనా అని.

"నీ ఇష్టం అమ్మా. నువ్వు హ్యాపీగా ఉండటం ఇంపార్టెంట్" అంది.

నాకు ఒళ్ళు మండింది. వద్దు అనడానికి ఎంతసేపు పడుతుంది? అందుకని నేనూ బిగదీసుకుని చెప్పాను. "మీ నాన్న మడిచిపెట్టినవి అయ్యేదాకా ఉంటాను. ఆఖరిది వాడిన రోజు టికెట్ బుక్ చేస్తాను, వన్ వే." అది తలూపింది.

ఇక రోజుకొకటి. మెషీన్‌కి ఆయన పెట్టిన టైమర్ తీయడం నాకు చేతకాదు. పొద్దున్న ఆరూ నలభైకి దానంతటదే గుడగుడమని మొదలవుతుంది. ముందురోజు పొడి వేయడం మరిచిపోతే వట్టి వేడినీళ్ళే దింపుతుంది. మంచంలో పడుకుని వింటే వంటింట్లో ఆయన తచ్చాడుతున్నట్టే ఉండేది.

ఫిల్టర్లు లెక్కపెట్టలేదు. తినేవాళ్ళ ముద్దలు లెక్కపెట్టకూడదనేది మా అమ్మ, నాకూ అలాంటి పట్టింపే. అయినా కళ్ళకి కనిపిస్తుంది కదా. మంచు పడే రోజులకి డబ్బా సగానికి వచ్చింది. తర్వాత రెండు వేళ్ళ మందం మిగిలింది. అక్కడ ఆగిపోయింది.

వారం తర్వాత చూస్తే రెండు వేళ్ళే. మంచు కరిగింది, ఉగాది వెళ్ళింది, రెండు వేళ్ళే. రోజూ ఒకటి తీస్తూనే ఉన్నాను. ప్రతిదానికీ అదే మడత, అదే గోటిగీత. ఒకరోజు వెనకనుంచి లెక్కపెట్టి పదోదాని మీద పెన్సిల్‌తో చుక్క పెట్టాను. మూడు వారాలైనా ఆ చుక్క నా చేతికి రాలేదు. అది ఉన్నచోటే ఉంది, దాని ముందుకి కొత్తవి వచ్చి నిలబడుతున్నాయి.

అప్పటినుంచి డబ్బా ఉండే వంటింటి అల్మరా తలుపు తీయాలంటే జంకేదాన్ని. "ఉన్నారా?" అని ఓసారి పైకే అడిగాను. మతి తప్పుతోందేమోనని భయం వేసింది. అమ్మాయికి చెబితే డాక్టర్ అపాయింట్‌మెంట్ అంటుందని చెప్పలేదు.

అది ప్రతి శనివారం వస్తుంది. వచ్చీ రాగానే నన్ను ఇండియన్ స్టోర్‌కి తరుముతుంది. ఆ శనివారమూ అంతే. "అమ్మా, కరివేపాకు అయిపోయింది, నువ్వు వెళ్ళిరా, నేను వాక్యూమ్ చేస్తా." కార్ దాకా వెళ్ళాక చూసుకుంటే పర్సు లేదు. వెనక్కి వచ్చి తలుపు తీశాను.

వాక్యూమ్ చప్పుడు లేదు. కాగితం మీద గోరు గీసే చప్పుడు. స్ర్ర్. కాస్త ఆగి మళ్ళీ, స్ర్ర్.

వంటింటి బల్ల దగ్గర ఆయన మెరూన్ స్వెట్టర్. వీపు నావైపు ఉంది. ఎడమ మోచెయ్యి బల్లకి ఆనించి ఉంది. "ఏమండీ" అని పిలవబోయాను. అప్పుడు ఆ మనిషి చెయ్యెత్తి, స్వెట్టర్‌లో ఇరుక్కున్న జడని బయటికి లాక్కుంది.

మా అమ్మాయి. పక్కన కొత్త ప్యాకెట్, ముందు ఆయన తేదీ వేసిన డబ్బా. చిన్నప్పుడు ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని తనూ మడిచేది, నేను మరిచిపోయాను.

చప్పుడు చేయకుండా తలుపు వేసి కార్‌లో కూర్చున్నాను. ముందు కోపం వచ్చింది, రెండు నెలలు నన్ను పిచ్చిదాన్ని చేసిందని. తర్వాత ఏడుపు వచ్చింది. వద్దని నోటితో అనలేక, ప్రతి శనివారం ఏడేసి ఫిల్టర్లు మడిచి పెట్టి అంటోంది.

మర్నాడు సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి డబ్బా మీద అంకె రెండుసార్లు చదివి కొన్నాను. నాలుగే. ఆయన కుర్చీలో కూర్చుని మడిచాను. పాత డబ్బా నిండా కుక్కాను.

పై శనివారం నేను స్టోర్‌కి వెళ్ళలేదు. హాల్లో బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. వంటింట్లో అల్మరా తెరిచిన చప్పుడైంది. చాలాసేపటికి డబ్బా రెండు చేతుల్తో పట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఇవి నువ్వు పెట్టావా?"

"నేనెందుకు పెడతాను? మీ నాన్న మడిచినవేగా. ఇంకా అవలేదు."

అది ఆయన కుర్చీ వైపు చూసింది. "బట్, లాస్ట్ వీక్ ఇన్ని లేవు" అంది, గుసగుసగా.

నేను రెండు నెలలు పడ్డ భయం దాన్ని ఒక్క నిమిషం పడనిచ్చాను. నేను అంత మంచిదాన్నేం కాదు. అప్పుడు అన్నాను, "నీ బ్యాగులో ప్యాకెట్ కూడా పట్రా. ఇద్దరం కూర్చుని మడుద్దాం."

అది అక్కడే నేలమీద కూలబడి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. "వెళ్ళకమ్మా" అంది.

"ఈ ముక్క ఆ రోజే అని ఉంటే ఇన్ని ఫిల్టర్లు తగలేసేదానివి కాదుగా" అన్నాను. అక్కకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి రానని చెప్పాను.

ఇప్పుడు ఫిల్టర్లు నేనే కొంటున్నాను. చుక్క పెట్టినదీ, దాని వెనక తొమ్మిదీ డబ్బా చివర అలాగే ఉన్నాయి. అవి మాత్రం ఆయన మడిచినవి. మేమిద్దరం ముందునుంచే తీస్తాం.