మావగారి చేతులు కట్టేసిన రోజు

ఆ రోజుల్లో కొత్త అల్లుడికి అత్తవారింట్లో ఉండే పని ఒక్కటే, తినడం. తిన్నాక పడుకోవడం కూడా ఉంది కానీ దాన్నెవరూ పని అనరు. పెళ్లయిన మొదటి వేసవిలో సెలవు పెట్టి, నౌపడ పక్కనున్న మా అత్తవారి ఊరికి బయల్దేరినప్పుడు ఈ ఆచారానికి ఏ లోటూ రానివ్వకూడదనే నిశ్చయంతో రైలెక్కాను. విజయనగరంలో ఓ ఆఫీసులో చిన్న గుమాస్తాని. ఇస్త్రీ చొక్కా, జేబులో దువ్వెన (అప్పట్లో దాని అవసరం ఉండేది), ఒంట్లో కావలసినంత బద్ధకం.

మా మావగారిది ఉప్పు సేద్యం. మడుల్లో ఉప్పునీరు కట్టడం, అది ఎండి ఉప్పయ్యాక పోగుచేసి గట్టు మీద రాశి పొయ్యడం. చిన్నతనంలోనే తండ్రి పోతే తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ, ఆ తర్వాత తన పిల్లలనీ ఆ మడుల మీదే పెంచి పెద్దచేశారు. వేసవిలో లోకమంతా చినుకు కోసం మొక్కుకుంటే ఆయన ఎండ కోసం మొక్కుకునేవారు. అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఆయనకి దేవుడే కాదు, యజమాని కూడా. తెల్లవారకముందే నూతి దగ్గర తలస్నానం, తూర్పుకి తిరిగి సాష్టాంగ నమస్కారాలు, గంజి తాగి మడులకి వెళ్లడం. ఎప్పుడు చూసినా ఎండలోనే ఉంటారని ఊళ్లో అందరూ ఆయన్ని ‘ఎండ మావ’ అనేవారు. (మొదటిసారి విన్నప్పుడు ఎవరికో ఎండమావి కనిపించిందనుకుని నేనూ అటు తొంగిచూశాను.)

నేను వెళ్లేసరికి ఆయన కంటికి శుక్లం ఆపరేషనై కొద్ది రోజులే అయింది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని అరుగు మీద బందీలా కూర్చున్నారు. వంగకూడదు, బరువెత్తకూడదు, తలమీద నీళ్లు పోసుకోకూడదు, ఎండలోకి వెళ్లకూడదు అన్నాడట డాక్టరు. అంటే ఆయనకి తెలిసిన పనులన్నీ మానెయ్యమన్నట్టే. రెండో కన్ను అప్పటికే మసక. ఇది కూడా పాడైతే ఇక చూపు లేనట్టే. బావమరిది చూస్తే చదువు కోసం బరంపురంలో ఉన్నాడు. మా అత్తగారు నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచి, “నా మాట ఇనరు బాబూ. మీరయితే కొత్తల్లుడుగారు, మీ ముందు కాసింత సిగ్గుపడతారు. ఆయన్ని కనిపెట్టుకోండి” అన్నారు. కాపలా అంటే కూర్చుని చేసే ఉద్యోగమే కదా అని ఒప్పేసుకున్నాను.

మర్నాడు చీకటితోనే తలుపు చప్పుడైంది. “అల్లుడుగారూ, సిన్న సాయం సెయ్యాల. ఒంగొద్దన్నాడు డాకటరు. ఒంగకుండా సావికి దండం ఎలగెడతాం? నా బదులు మీరెట్టండి. మంత్రం నాను సెప్తాను.”

“మరొకరు పెడితే ఆయన లెక్కలోకి వస్తుందాండీ?” అన్నాను, దుప్పటి వదలకుండా.

“ఎందుకు రాదు? కన్నూ ఆయనిచ్చిందే, అల్లుడూ ఆయనిచ్చినోడే.”

దుప్పటి వదిలి నూతి దగ్గరికి నడిచాను. నూతినీళ్లు నెత్తిన పడగానే నాకు తెలిసిన దేవుళ్లందరూ ఒక్కసారిగా గుర్తొచ్చారు. మావగారు అరుగు మీద నిటారుగా కూర్చుని మంత్రం చెబుతుంటే నేను ఇసుకలో పడడం, లేవడం, మళ్లీ పడడం. “నడుం ఇంకా ఒంగాల బాబూ, ఆయన పైనుండి సూస్తన్నాడు” అని దిద్దుబాట్లు కూడానూ. కిటికీలోంచి చూస్తూ మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకునేది. ఆ వారం మావగారి కన్ను బాగుపడిందో లేదో గానీ నా నడుము మాత్రం పాడైంది.

ఇలా రోజులు గడుస్తుండగా ఒక మధ్యాహ్నం తిన్న తిండికి న్యాయం చేస్తూ పడుకున్నాను. ఉన్నట్టుండి చల్లగాలి తగిలి మెలకువ వచ్చింది. మహేంద్రగిరి వైపు ఆకాశం కాటుక పూసినట్టుంది. అరుగు మీద చూస్తే మావగారు లేరు. కట్టుకున్న పంచెతోనే పరుగెత్తాను. (అది ఆయన పంచే. నాకు పంచె కట్టడం రాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.)

నేను చేరేసరికి ఆయన ఉప్పురాశి దగ్గర తాటాకుల మోపు మీద చెయ్యి వేసి ఉన్నారు. “వద్దండీ! కన్ను!” అని అరిచాను. ఆయన ఆగారు. చెయ్యి మాత్రం మోపు మీంచి తియ్యలేదు.

“ఏడాది కట్టమంతా గట్టుమీదున్నాది బాబూ. వోన పడితే నీరైపోతాది.”

“నేను కప్పుతాను. మీరు ముట్టుకోకండి.”

ఆయన మబ్బు వైపు చూశారు, తన చేతుల వైపు చూసుకున్నారు. “ముట్టుకోకూడదనే ఉన్నాది. కానీ ఈ సేతులు నా మాట ఇనవు. పని సూస్తే ఎల్లిపోతాయి. ఇదుగో, ఈ తువ్వాలుతోటి ఎనక్కి కట్టీండి.”

హాస్యమనుకున్నాను. కానీ ఆయన అప్పటికే వెనక్కి తిరిగి, చేతులు వెనక పెట్టుకుని నిలబడిపోయారు. కట్టాను. ఆ అరచేతులు ఉప్పుకి పగిలి పగిలి చెట్టు బెరడులా ఉన్నాయి.

తర్వాత జరిగింది ఎవరూ చూడకుండా ఉంటే బాగుండేది. తాటాకు ఎత్తితే గాలికి తెరచాపలా లేచి నన్నే లాక్కుపోయింది. దాన్ని పట్టుకుంటే పంచె జారింది, పంచె పట్టుకుంటే ఆకు ఎగిరింది. నల్లకళ్లద్దాల మావగారు గట్టు మీద నిలబడి బ్యాండు మేస్టరులా తలాడిస్తూ కేకలు. “అల్లుడుగారూ, అటేపు! అటేపండీ! ఒరే నాయినా, అటు కాదురా! పెళ్లలెయ్యి, మట్టిపెళ్లలెయ్యి! బేగి! ముందా పంచి ఒగ్గీరా!”

ఒగ్గెయ్యలేదు, ప్రమాణపూర్తిగా చెబుతున్నాను. (పూర్తిగా ఒగ్గెయ్యలేదు.)

సరిగ్గా అప్పుడే పక్కమడి పెద్దమ్మ తన రాశి కప్పుకుని ఇటు తిరిగింది. ఆమెకి కనిపించిందల్లా చేతులు కట్టేసిన మావగారు, సగం పంచెతో గెంతులేస్తున్న అల్లుడు. “ఓలమ్మోలమ్మ! కొత్తల్లుడు మావని కట్టీసినాడ్రో!” అని ఊరి వైపు ఒకటే పరుగు. క్షణాల్లో జనం. కొందరి చేతుల్లో కర్రలు కూడా ఉన్నాయి. అందరికంటే ముందు మా అత్తగారు వచ్చారు. మొగుణ్నీ, తువ్వాలునీ, నన్నూ చూశారు. ఓ గోనెసంచి మడిచి ఆయన తలమీద కప్పి, కొంగు దోపుకుని తాటాకు అందుకున్నారు. కర్రలతో వచ్చినవాళ్లు వాటిని పారేసి తలో మోపూ పట్టారు.

వాన దబదబా పడింది. ఓ మూల కరిగిపోయింది గానీ రాశి నిలిచింది. గోనెసంచి కింద మావగారు పెద్దగా నవ్వుతున్నారు. నేను ముడి విప్పబోతే అత్తగారు, “ఇప్పకండి బాబూ! ఇంటికెల్లిందాకా అలగే ఉండనీండి” అన్నారు. ఊరంతా చూస్తుండగా ఆయన అలాగే నడిచొచ్చారు.

మర్నాడు తలుపు తట్టినప్పుడు ‘అల్లుడుగారూ’ లేదు. “ఒరే, లెగరా, పొద్దెక్కిపోతంది” అన్నారు. మళ్లీ ఏనాడూ నన్ను మీరు అనలేదు. కన్ను చక్కగా నయమైంది. చూపు వచ్చాక నన్ను దగ్గరికి పిలిచి తేరిపార చూసి, “నీ మొకం ఇలగుంటాదేటి! పెళ్లిలో మసగ్గా సూసి ఒప్పీసుకున్నాను” అన్నారు.

ఆ కంటితోనే ఆయన కొడుకు ఉద్యోగం చూశారు, మనవల పెళ్లిళ్లు చూశారు, మునిమనవల్ని ఎత్తుకున్నారు. తొంభై దాటాక కూడా పొద్దున్నే మడుల దాకా నడిచి, గట్లు ఎలా ఉన్నాయో చూసొచ్చేవారు. పోయిన మాఘంలో ఓ ఉదయం నమస్కారాలయ్యాక, కాసేపు కూర్చుంటానని అరుగు మీద కూర్చుని, అలాగే వెళ్లిపోయారు. పన్నెండో రోజు భోజనాల్లో ఎవరో తువ్వాలు సంగతి ఎత్తారు. ఏడవడానికి వచ్చినవాళ్లు విస్తళ్ల ముందు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయన ఉంటే అందరికంటే గట్టిగా నవ్వేవారు.

మొన్న వేసవిలో ఓ సాయంత్రం మా అపార్ట్‌మెంటు మీద మబ్బు పట్టింది. పిల్లలంతా “వానొస్తోంది!” అని కేరింతలు కొడుతూ మేడ మీదకి పరుగెత్తారు. నేను మాత్రం, “అయ్యో, ఇప్పుడేం వానర్రా” అన్నాను. వంటింట్లో ఉప్పు ప్యాకెట్టు తప్ప, వానకి కరగడానికి ఒక్క ఉప్పుగల్లు కూడా లేని మనిషిని! మా మనవరాలు వింతగా చూసి, “నీకు వానంటే ఎందుకు తాతా భయం?” అంది. చెప్పడానికి చాలాసేపు పడుతుంది కనక, దాని చెయ్యి పట్టుకుని నేనూ మేడెక్కి తడిశాను. కిందకి వచ్చాక మా ఆవిడ నా బట్టతల తుడుస్తూ, “సిన్నపిల్లడివేటి? ఒంట్లో బాగునేకపోతే ఎవులు సూస్తారు?” అని తిట్టింది. ఇన్నేళ్లు పట్నంలో ఉన్నా కోపమొస్తే ఆమెకి ఆ ఊరి మాటే వస్తుంది. ఇంకా కాస్త తిడుతుందేమోనన్న ఆశతో తల వంచుకుని కూర్చున్నాను.