ఎర్రకాయ మీద ఎర్రదుమ్ము

మిరపకాయ ఎండిందో లేదో హొన్నూరమ్మ కంటితో చూడదు. గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తుంది. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. గొంతు పూడినట్టు పలికితే ఇంకో రెండు ఎండలు కావాలి. ఈ విద్య ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. బండ్రి అనే ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఊళ్లో అందరి కళ్లాల్లోనూ కాయ ఏరే కూలికి పోయింది. తెల్లబారిన తాలుకాయను మంచికాయలోంచి వేరుచేసే పని అది. చేసీ చేసీ ఆమె వేళ్లకే చూపు వచ్చింది.

చుట్టుపక్కల ఇనుప ఖనిజం గనులు జోరందుకున్నాక ఊరి మగవాళ్లు చాలామంది మైన్స్ కూలికి మళ్లారు. ఆమె మొగుడు మారెన్న కూడా ఖనిజం కుప్పల దగ్గర పనికి కుదిరాడు. చేసేవాళ్లు లేక చేలు బీడు పడుతుంటే, హొన్నూరమ్మ రోడ్డు పక్క చేనొకటి గుత్తకు తీసుకుని మిరప పెట్టింది. పండిన కాయను బస్సు టాపు మీద వేయించుకుని, బళ్లారి రైతు సంతకు తనే తీసుకుపోయి అమ్మేది.

ఆ సంతలో ఎండుకాయ అమ్మేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. పైన మంచికాయ పేర్చి అడుగున తాలు పోసేవాళ్లున్నారు. తూకం కోసం నీళ్లు చిలకరించేవాళ్లున్నారు. పాతకాయకు నూనెచెయ్యి పూసి కొత్తకాయ అనిపించేవాళ్లూ ఉన్నారు. అందుకే ఆడవాళ్లు మూట అడుగుదాకా చెయ్యి పెట్టి కెలికితే గానీ కొనరు. హొన్నూరమ్మ దగ్గర మాత్రం కెలకరు. ఖాళీ సంచి ఆమె ముందు పడేసి, "యాడాదికి సరిపోయేంత పొయ్యి" అని కూరగాయల వైపు పోతారు. తిరిగొచ్చేసరికి సంచి నిండి, మూతి కట్టి ఉంటుంది. ఆమెకు ఆస్తంటూ ఉంటే ఆ సంచులే.

ఆ ఏడు కాయ కళ్లంలో ఉండగానే రోడ్డు మీద ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరాయి. వేటికీ దుమ్ము లేవకుండా పైన కప్పే టార్పాలు లేదు. చెట్లు ఎర్రబడ్డాయి, గోడలు ఎర్రబడ్డాయి, తెల్లెద్దులు కూడా ఎర్రబడ్డాయి. మిరపకాయ మాత్రం ఎప్పట్లాగే కనబడింది. చిక్కంతా అక్కడే. హొన్నూరమ్మ చాటతో చెరిగి చూసింది. గరుకు మట్టి రాలింది గానీ మెత్తటి దుమ్ము రాలలేదు. ఆమె పెట్టింది బ్యాడిగి రకం, ఆ కాయకు ముసలవ్వ మొహానికి ఉన్నన్ని ముడతలు. దుమ్ము వాటిల్లో దూరి కూర్చుంది. కడిగితే తడి తగిలి బూజు పడుతుంది. ఇక ఒక్కో కాయా పొడిగుడ్డతో తుడవాల్సిందే.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అన్నాడు మారెన్న. "ఎర్రకాయ మీద ఎర్ర దుమ్ము. బ్రహ్మదేవుడు దిగొచ్చినా కనుక్కోలేడు."

"తినేది బ్రహ్మదేవుడు కాదు గదా."

"గిరణిలో పడి పొడైతే అంతా కారమే. పైగా తూకం గూడా వస్తాది. ఇనుము గదా అది!"

"ఇనుము అమ్మేటోళ్లు యేరే ఉండారు. నువ్వు పోతాండేది వాళ్ల దగ్గరికే."

మారెన్నకు నవ్వొచ్చింది గానీ తుడవడానికి మాత్రం కూర్చోలేదు.

సంతరోజుకు ఒక మూట తుడవడం అయింది, ఇంకో మూట మిగిలింది. బస్సు వచ్చేసరికి మారెన్న రెండూ టాపు మీదికి ఎక్కించేశాడు. "తీసుకపో. ఎవరన్నా అడిగితే ఇచ్చెయ్. యాడ తెలుస్తాది!" అన్నాడు. వాదించడానికి బస్సు ఆగదు. సంతకు చేరాక ఆమె రెండో మూటను మూతి విప్పకుండా తన వెనక పెట్టుకుంది.

ముందర పోసిన కాయ ఎండకు తళతళలాడింది. పక్కన ఉల్లిగడ్డలు అమ్మే గాదిలింగప్ప ఊరుకుంటాడా? "ఏమ్మా హొన్నూరమ్మా, కాయలకు స్నో, పౌడరు పూసినావేంది? పెండ్లికూతుళ్ల మాదిరి మెరుస్తాండాయి!" అని అరిచాడు.

ఆ మాట, అప్పుడే వచ్చిన రామలక్ష్మమ్మ చెవిన పడింది. రూపనగుడి భూస్వాముల ఆడపడుచు. ఇప్పుడు వాళ్లింటి లారీలు మైన్స్‌లో తిరుగుతున్నాయి. ఏటా హొన్నూరమ్మ దగ్గర అందరికన్నా పెద్ద సంచి ఆమెదే. ఒంగి ఒక కాయ తీసి వెలుగుకు పట్టి చూసింది.

"ఏమే, నువ్వు గూడా నూనె చెయ్యి పెట్టినావా?"

గట్టిగానే అంది. అంతకుముందు సంచి పెట్టి ఇంకా పక్కనే నిలబడిన ఒకామె, తన సంచి తీసుకుని మడతపెట్టింది. హొన్నూరమ్మ ఇన్నేళ్లూ ఏరిన పేరు ఒక్క మాటతో తాలైపోయేటట్టుంది.

"నూనె కాదమ్మా. దుమ్ము తుడిచినా."

"ఏం దుమ్ము?"

"మైన్స్ దుమ్ము. కళ్లం నిండా పడింది. అందులో మీ లారీలదీ ఉంటాది."

గాదిలింగప్ప ఉల్లిగడ్డల వైపు తిరిగి దగ్గాడు. రామలక్ష్మమ్మ చటుక్కున హొన్నూరమ్మ చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. వేళ్లు వాచి ఉన్నాయి. గోళ్ల పక్క చర్మం పగిలి, అరచెయ్యి పచ్చిపుండులా ఉంది.

రామలక్ష్మమ్మ పుట్టిల్లు మిరప పండించే ఇల్లే. కాయ ముట్టే కూలివాళ్లు ముందుగా చేతులకు ఆముదం రాసుకుంటారని, అది ఉంటే మంట ఎక్కదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆముదం రాసుకోకుండానే తుడిచినావా? మొత్తం?"

"రాసుకుంటే కాయకు అంటుతాది గదమ్మా. మీరడిగిన మాటే అందరూ అడుగుతారు."

రామలక్ష్మమ్మ చెయ్యి వదల్లేదు. మడిచిన సంచితో పోబోతున్న ఆడమనిషిని కేకేసింది. "యాడికి పోతాండావు? పెట్టు సంచి. నూనె చేతులు ఇట్ల ఉంటాయేంది? వచ్చి చూడు!" ఆమె వచ్చి చూసింది. సంచి మళ్లీ కింద పెట్టింది.

"ఈసారి మాయింట్లో పెండ్లి ఉండాది," అంది రామలక్ష్మమ్మ. "ఈ కాయ చాలదు. ఆ యెనక మూట గూడా ఇచ్చెయ్. విప్పేది గూడా వద్దు, కార్లో ఎత్తించు."

హొన్నూరమ్మ వెనక మూట వైపు చూసింది. ఇప్పుడు ఏమిచ్చినా ఈమె కళ్లు మూసుకుని తీసుకుంటుంది. పక్కనున్నవాళ్లూ అంతే. దుమ్ము అమ్మాలనుకున్నవాడికి ఇంతకన్నా మంచి ఘడియ దొరకదు.

"అది తుడవలేదమ్మా," అంది. "ఇయ్యలేను."

"అయ్యో, ఇంటికాడ మనుషులుండారు, తుడిపిస్తానులే."

"పెండ్లిపనుల్లో ఎవరు తుడుస్తారు? అట్లనే గిరణికి పోతాది. వచ్చే సంతకు నేనే తెస్తా. ఆలోగా మీ లారీలకు టార్పాలు కట్టిస్తే నా పని సగం అయిపోతాది."

"వచ్చే సంతకే వస్తాలేవే," అంది రామలక్ష్మమ్మ. నవ్వబోయి ఆపుకుంది. "టార్పాల సంగతి మగోళ్లకు చెప్తా. వింటే మంచిదే."

మధ్యాహ్నానికి ముందరి కాయ అయిపోయింది. ఇంటికి పోయే బస్సులో కండక్టరు మూట ఎత్తిస్తూ జాలిపడ్డాడు.

"ఏమక్కా, అమ్ముడుపోలేదా?"

"అడిగినారప్పా. నేనే ఇయ్యలేదు," అని, మండుతున్న చేతుల్ని కిటికీలోంచి గాలికి పెట్టి కూర్చుంది.