ఒకే వరుసలో ఇద్దరు తోడికోడళ్ళు

2023లో తమిళనాడులోని వేలూరు బాగాయంలో, ఒక కంటి ఆసుపత్రి డేటా విభాగంలో నేను కొత్తగా చేరాను. గుడియాత్తం నేత కుటుంబాల కోసం జరిపిన శిబిరాల వివరాలను ఒక శుభ్రమైన పట్టికగా తీర్చడం నాకు అప్పగించిన తొలి పెద్ద పని. వచ్చిన ఫైళ్ళలో పేరు, వయసు, ఏ కన్ను అన్నవి ఒకే గడిలో ఇరికి ఉండేవి. వాటిని విడదీసి, మనిషికి ఒక వరుస వచ్చేలా మార్చాలి. దీన్ని మేము రీషేప్ అంటాము. ఒకే మనిషి రెండుసార్లు నమోదై ఉంటే ఒక వరుసను తీసివేయడం డీడూప్లికేషన్.

మా విభాగాన్ని నడిపే సలోమి అక్క పద్ధతి నాకు మొదట చాదస్తంగా తోచింది. ఒకేలా ఉన్నాయని యంత్రం చూపిన వరుసలను ఆమె వెంటనే కలపనివ్వదు. వేరే షీటులో పెట్టించి, ఇంటింటికీ ఫోన్ చేయిస్తుంది. ఒకసారి శస్త్రచికిత్సకు ఎంపికైనవారి కోసం మరునాడే బస్సు గుడియాత్తం వెళ్ళాల్సి వచ్చింది. సాయంత్రంలోగా జాబితా సిద్ధం కావాలి. నేను వాదనకు దిగాను.

“అక్కా, ఎం. బాలమ్మ. అదే వీధి, అదే తలుపు నంబరు, అదే ఫోను, అదే వయసు. ఇంకేం రుజువు కావాలి?”

“కుడి కన్ను ఆపరేషన్ అయిపోయిందని ఒక వరుసలో ఉండాది. అదే కన్నుకు చెయ్యాలని ఇంకోదాంట్లో ఉండాది. ఒకే కంటికి రెండుతూర్లు శుక్లం వస్తాదా అప్పా?”

“చెయ్యాలన్నది పాత శిబిరం వివరం, ఆలస్యంగా ఎక్కించి ఉంటారు.”

“ఉంటారు అంటివే, అది రుజువా, ఊహా? కాలేజీ పోటీల్లో వాదించి కప్పులు తెచ్చుకున్నోడివి, నువ్వే చెప్పు.”

ఆ రెండు వరుసల్లోనూ ఉన్న నంబరు తీసుకున్నాను. ఫోన్ చేశాను. మగ్గం చప్పుడు మధ్య ఒక పెద్దావిడ గొంతు వినిపించింది.

“బాలమ్మగారేనా?”

“బాలమ్మ మా తోడికోడలు నాయనా. మగ్గంలో కూచోనుండాది, ఆ సద్దు ఆమెదే. నేను పాలమ్మ.”

“బాలమ్మా?”

“పాలమ్మ! పాలు, తాగే పాలు. ఆమెకు కన్ను బాగైపాయ. పోగు తెగితే కనపడక నేనే మగ్గం దిగి కూచోనుండాను. రేపు బస్సు వస్తాదంటనే, నా పేరు ఉండాదా? లేదంటే ముందు మీ కంప్యూటరుకు చెయ్యండి కన్నాపరేషన్!”

పక్కనుంచి అక్క పకపకా నవ్వింది.

ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ కుటుంబాల పేర్లు శిబిరంలో తమిళ లిపిలోనే రాస్తారు. తమిళంలో పకారానికీ బకారానికీ అక్షరం ఒకటే. భర్తలు మునుసామి, మురుగేశన్ అన్నదమ్ములు. వారి పేర్ల తొలి అక్షరమే భార్యల పేర్లకు ముందు నిలిచింది. వయసు ఇద్దరికీ ఉజ్జాయింపుగా అరవై వేశారు. నేను వరుసలను కలిపి ఉంటే ‘ఆపరేషన్ పూర్తి’ అన్నదే మిగిలేది. పాలమ్మకు బస్సులో చోటు ఉండేది కాదు.

అక్క గెలిచినట్టు మాట్లాడలేదు. “ఇంకా యాడ పాలూ బాలూ కలిసినాయో చూడు,” అని తానూ ఒక ఫోను అందుకుంది. మిగిలిన ఇళ్ళన్నిటికీ ఇద్దరమూ ఫోన్ చేశాము. మరునాడు పాలమ్మ బస్సెక్కింది.

ఏ మాటైనా అన్నవారే దానిని రుజువు చేయాలన్న నియమాన్ని నేను వేదికల మీద ఎన్నోసార్లు వల్లించాను. దానిని రోజూ పాటించే మనిషిని మాత్రం అక్కడే చూశాను. పొరపాటున మిగిలిపోయిన అదనపు వరుస ఎప్పుడో ఒకప్పుడు ఎవరి కంటనైనా పడుతుంది, దిద్దుకోవచ్చు. తీసివేసిన వరుస పట్టికలో ఖాళీని కూడా మిగల్చదు.