సోమ్లా సార్‌ను పత్తి చేలోకి రానివ్వనిది నేనే

నిన్న పొద్దున రేగొండలో షాపు షట్టర్ ఎత్తుతుంటే మా ఎమ్మెస్సీ బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. సోమ్లా సార్ ఇక లేరు. గుండెపోటు.

షట్టర్ సగంలోనే వదిలేసి మెట్ల మీద కూర్చుండిపోయాను.

గ్రూపులో అందరూ సార్‌తో దిగిన ఫొటోలు పెడుతున్నారు. నా దగ్గరా ఉన్నాయి. పెట్టలేకపోయాను.

ఎందుకు పెట్టలేకపోయానో ఇవాళ చెప్పాలి.

జనగామలో మాకు జువాలజీ చెప్పింది ఆయనే. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చి, పురుగుల జెనెటిక్స్‌లో రీసెర్చ్ చేసిన మనిషి. రవ్వ, బెల్లం ఉడికించి సీసాల్లో పోసి, అరటిపండ్ల మీద వాలే చిన్న ఈగలను ల్యాబ్‌లో పెంచేవారు.

ఒకసారి ఒక సీసాలో కొద్దిగా పురుగుమందు వేయించారు. దాదాపు అన్నీ చచ్చాయి. బతికిన నాలుగింటిని నాకిచ్చి పెంచమన్నారు. వాటి పిల్లలకు మళ్లీ అదే మందు. సెమిస్టర్ అంతా ఇదే పని. చివరికి అదే డోసులో ఈగలు హాయిగా తిరుగుతున్నాయి.

"మందు పురుగుకు కొత్త బలం ఇయ్యలే. సావనిదాన్ని ఏరిపెట్టింది. గీ ముచ్చట రైతులకు మీరే చెప్పాలె" అన్నారు సార్.

నోట్స్‌లో రాసుకున్నాను.

తర్వాత పురుగుమందుల షాపు పెట్టుకున్నాను.

మూడేళ్ల కింద సార్ మా వైపు పత్తి చేలకు వచ్చారు. గులాబీ రంగు పురుగు ఏ మందులకు చావడం లేదో పరీక్ష చేయడానికి పురుగు పట్టిన పత్తి కాయలు కావాలి. నా దగ్గరే మందులు కొనే రైతు ఓదెలన్న నాకు ఫోన్ చేశాడు. "ఎవరో సోమ్లా సారట. కాయలు తెంపుకపోత అంటుండు. తెంపనియ్యాల్నా?"

షాపులో ఆ పురుగు మందు కొత్త స్టాక్ దిగి వారం కాలేదు. ఆ మందు పనిచేయదని సార్ తేలిస్తే ఎవరు కొంటారు?

"వద్దన్నా. నీ పత్తి మంచిగ లేదని రాస్తడు, ధర రాదు" అన్నాను. మిగతా రైతులకూ ఫోన్ చేసి అదే చెప్పాను.

ఆ మధ్యాహ్నం సార్ ఖాళీ డబ్బాలతో నా షాపుకే వచ్చారు, నన్ను సాయం అడుగుదామని. నేను గోదాంలోకి పోయి, లేనని చెప్పమని నా భార్యకు సైగ చేశాను.

బస్తాల వెనక ఉంటే ఆయన గొంతు వినిపించింది. "వాడు నా స్టూడెంటమ్మా. శాన మంచిగ చదివేటోడు. గిక్కడ వాడున్నడనే ధైర్యంతోటి వచ్చిన. జర నీళ్లియ్యి, పోత."

నీళ్లు తాగి వెళ్లిపోయారు.

ఆ సీజన్‌లో ఓదెలన్న నా మందు నాలుగుసార్లు కొట్టాడు. పురుగు చావలేదు. చేను దున్నేశాడు.

"ఇది పనిచెయ్యదని నీకు ఎర్కలేదా తమ్మీ? సదువుకున్నోనివి గద" అన్నాడు.

లేదన్నాను.

నిన్న సాయంత్రం తండాకు వెళ్లాను. సార్ భార్య నన్ను చూసి, "ఎవరు బిడ్డా? సార్ కాడ సదివినవా?" అని అడిగింది.

"రేగొండ నుంచి వచ్చినమ్మా" అని మాత్రం అన్నాను.

ఇవాళ పొద్దున ఓదెలన్న ఇంటికి పోయి జరిగిందంతా చెప్పాను. ఆయన లేచి లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

మిగతా రైతుల కోసం ఈ పోస్ట్.

పోయిరండి సార్. మీరెక్కడున్నా మీ మనసు నెమ్మదిగా ఉండాలి.