నీళ్లు పారినయా అని అడిగే సారు

మా కరెంటు ఆఫీసు సారు, సిబ్బంది 'పని అయింది' అంటే నమ్మేవారు కాదు. "నీళ్లు పారినయా?" అని రైతునే అడిగేవారు. అంతకుముందు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతులే ట్రాక్టర్ మీద మరమ్మతుకు మహబూబాబాద్‌కు తీసుకెళ్లేవారు. ఆ పని సిబ్బందికి అప్పగించింది ఆయనే.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, వెన్ను తీయబోయే పొట్ట దశలో వరి ఎండిపోతోంది. నాయినకు జ్వరమొస్తే నేనే ఆఫీసుకు వెళ్లి గోడ పక్కన నిలబడ్డాను.

"కొత్తది బిగించినం సార్," అన్నాడు లైన్‌మన్.

"నువ్వు ఆగవయ్యా. నీళ్లు పారినయా, బిడ్డా?"

తల అడ్డంగా ఊపాను.

"జర వైరు తెగింది సార్. ధర్నాలతోని తీరిక దొరుకుతలేదు. తెలంగాణ రానీ, అన్నీ మంచిగైతయ్."

"వచ్చినంక గూడ ఈ కుర్చీల్ల కూసునేది మనమే గదయ్యా!" అని నవ్వి, సారు అతన్ని స్కూటర్ ఎక్కించుకొని మా పొలానికి వచ్చారు.

వైరు కలిపాక మోటారు నడిచింది. అయినా సారు గట్టు మీదే కూర్చున్నారు.

"ఇగ పోదాం సార్, దోమలు పీక్క తింటున్నయ్."

"ఆఖరి మడి తడవనీ."

పొద్దు గూకే వేళకు నీళ్లు ఆఖరి మడిలోకి దిగాయి. అందరికన్నా ముందు చూసి, సంబరంగా కేకేసింది లైన్‌మనే.