జుల్మీరా గీజర్‌కు పట్టిన గార

ఈస్టర్ వెళ్లిన రెండో ఆదివారం లౌలే ఊళ్లో అమ్మవారి పెద్ద పండగ. మగవాళ్లు విగ్రహాన్ని భుజాలకెత్తుకుని కొండెక్కుతారు. ఆడవాళ్లు ముందురోజే తలలు రుద్దించుకుని జుట్టు ముస్తాబు చేయించుకుంటారు. ఆ శనివారం వేణ్ణీళ్లు లేకపోతే జుల్మీరా సెలూన్‌కి నూకలు చెల్లినట్టే. పెద్ద వీధిలో కొత్త సెలూన్ నోరు తెరుచుకుని కూర్చుంది, అటు వెళ్లిన తల మళ్లీ ఇటు తిరగదు.

సరిగ్గా గురువారమే గ్యాస్ గీజర్ మొరాయించింది. ట్యాంకు లేని రకం, కొళాయి తిప్పగానే మంట వెలగాలి. వెలిగినట్టే వెలిగి టప్పున ఆరిపోయింది.

కబురు విని షాపున్న ఇంటి ఓనరు వల్దెమార్ ఊడిపడ్డాడు.

"గీజర్ పోయిందటగా జుల్మీరమ్మా? మెకానిక్ కూడా చచ్చిందన్నాడు. ఇక షాపేం నడుపుతావు? శనివారం తాళాలిచ్చెయ్, టూరిస్టులకి గదులు కట్టిస్తా."

"మెకానిక్ మూతైనా విప్పలేదు, కొత్తది కొనమన్నాడంతే. గీజర్ నాది, నీకెందుకు నాయనా ఏడుపు? నీ మొదటి క్రాపు కత్తిరించిన కత్తెర ఇంకా నా దగ్గరే ఉంది, చెవులు జాగ్రత్త!"

పెళ్లయిన ఆడది పరాయి తలలు రుద్దడమేంటని మొగుడు అడ్డుపడితే, ఆయన్నే గడప దాటించి షాపు తెరిచిన మనిషి జుల్మీరా. వల్దెమార్ ఒక లెక్కా?

కానీ తప్పు తనదేనని ఆమెకు తెలుసు. ఆ ఊళ్లో అందరిదీ ఒకటే పాడు అలవాటు: గీజర్ మీటను చివరికంటా తిప్పి, సలసల కాగిన నీళ్లలో మళ్లీ చన్నీళ్లు కలుపుకుంటారు. కొండల్లోంచి వచ్చే సున్నపు నీళ్లు ఎంత కాగితే అంత గార కడతాయి. గార గొట్టాన్ని పూడ్చేస్తే మంట నిలవదు; అది కరగాలంటే ఏటా వెనిగర్ పట్టించాలి. బేరం లేని రోజు చూద్దామని ఆమె వాయిదా వేస్తూ వచ్చింది.

"నేనే నీ పీక నొక్కానే," అని గీజర్‌తో అంది.

శుక్రవారం షాపు మూసింది. గ్యాసు కట్టేసి, నీళ్ల వాల్వులు మూసి, గీజర్ కింద రెండు గొట్టాలు బిగించింది. బకెట్ నిండా తెల్ల వెనిగర్ పోసి, తోటకు నీళ్లు తోడే బుల్లి మోటారు అందులో వేసింది. ఒక గొట్టంలోంచి ఎక్కిన వెనిగర్ రెండోదాంట్లోంచి బుసబుసా నురగతో దిగింది. అడ్డం పెట్టిన గుడ్డలో తెల్లటి పెచ్చులు పేరుకున్నాయి. వాసనకు కళ్లు మండినా ఆమె కదల్లేదు. వెనిగర్ మార్చి మళ్లీ తిప్పింది. మంచినీళ్లతో కడిగింది. నీళ్లు లోపలికొచ్చే చోటి జల్లెడ తోమింది. గ్యాసు, వాల్వులు తెరిచి కొళాయి తిప్పితే మంట భగ్గుమని నిలిచింది. ఆమె కేక వీధి చివరికి వినబడింది. అప్పుడు గోళ్లరంగుతో మీట సగంలో ఎర్రగీత గీసి, "ఇది దాటితే నా వేళ్లు నేనే విరుచుకుంటా," అనుకుంది.

శనివారం పొద్దున్నే వల్దెమార్ తాళాల కోసం వచ్చాడు. షాపు కిటకిటలాడుతోంది. కుర్చీలో తలనిండా నురగతో అతని తల్లి అల్బెర్తీనా ఉంది.

"అమ్మా! నువ్విక్కడా?"

"రేపు నువ్వు అమ్మవారిని మోస్తుంటే నేను చింపిరి జుట్టుతో నిలబడనా? తలుపు వెయ్యరా, చలిగాలి!"

జుల్మీరా నిన్న గుడ్డలో పేరుకున్న సున్నపు పెచ్చులు నింపిన సీసా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నీ గొట్టాలు నాకిచ్చింది ఇదే. నీది నువ్వు పట్టుకెళ్లు. నేను మాత్రం ఇక్కణ్ణుంచి కదలను."

వల్దెమార్ తల్లి వైపు చూశాడు. ఆవిడ కళ్లు మూసుకుని వెనక్కి వాలింది.

"వాడితో మాటలేంటే జుల్మీరా? నీళ్లు పొయ్, హాయిగా ఉన్నాయి."