కట్ట మీద చెప్పని ముచ్చట

ధర్మసాగర్ చెరువు కట్ట మీద పొద్దున పడవలు ఒడ్డుకు చేరాక పని కంటే ముచ్చటే ఎక్కువ. చేపల్ని వరంగల్ మార్కెట్‌కు చేర్చే ఆటో నాది. ఐసు కరిగిపోతోంది, డబ్బాలు ఎక్కించండి మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా ఒక్కడూ వినడు. చాయ్ గ్లాసు చేతికి రాగానే గాలిదుమారం కథలు మొదలు. ఎవరి పడవ ఎట్లా తిరగబడింది, ఎవడు ఎట్లా బయటపడ్డాడు. సిద్దిరాములు అయితే ఎప్పుడో తన పడవను బోర్లేసిన గాలిని చెప్పినప్పుడల్లా ఇంకాస్త పెంచుతాడు.

“మబ్బు తునక లేదు. ఒక్కపాలి దుమారం లేసింది. పడవ బోర్ల పడ్డది, నేను దాని కింద. మూతికి ఇంత జాగ దొరికితె ఊపిరి పీల్చుకుంట ఉన్న.”

“పోయినసారి బీడీ గూడ తాగిన అన్నవు గద!” అని ఎవరో అంటారు. అందరూ పడీపడీ నవ్వుతారు.

నవ్వని మనిషి ఒక్కతే, సమ్మమ్మ. కాస్త ఎడంగా కూర్చుని చిన్న చేపల్నీ పెద్ద చేపల్నీ వేరు చేస్తూ ఉంటుంది. ఆమె భర్త యాకయ్య రెండేళ్ల కింద ఈ నీళ్లలోనే, ఇలాంటి గాలికే పోయాడు. ఆ రోజు అదే పడవలో ఉన్న సదానందం బతికొచ్చాడు.

కట్ట మీద ఒక కట్టుబాటు ఉంది. బయటపడ్డవాళ్ల కథలే చెప్పాలి, నీళ్లలో పోయినవాడి ముచ్చట ఎత్తకూడదు. ఎత్తితే మళ్లీ పడవ ఎక్కడానికి కాళ్లు రావట. నాకు ఒళ్లు మండేది. భార్య పక్కనే కూర్చుని ఉండగా, యాకయ్య అనేవాడు పుట్టనే లేదన్నట్టు వీళ్లు గొప్పలు చెప్పుకోవడం ఏం మర్యాద?

సమ్మమ్మ ఇంతకుముందు వలలు అల్లేది. ఆమె వేసిన ముడి ఊడదని పక్క ఊళ్ల వాళ్లు కూడా చిరిగిన వలలు తెచ్చి ఇచ్చేవారు. భర్త పోయాక దారం ముట్టలేదు. ఎందుకని అడిగితే, “కండ్లు కనవడ్తలేవు తమ్మీ,” అంది. వేలెడంత చేపను దూరం నుంచే గుర్తుపట్టే మనిషి! నేను నమ్మలేదు, కానీ మళ్లీ అడగలేదు.

పోయిన నెల ఒక పొద్దున సిద్దిరాములు కథకు నవ్వులు ఆగాక, సమ్మమ్మ చేతులు కడుక్కుని వచ్చి మగవాళ్ల మధ్య నిలబడింది.

“సదానందమన్నా, మా ఆయనది చెప్పు.”

“ఇక్కడ వద్దు సమ్మమ్మా,” అన్నాడు సిద్దిరాములు.

“ఇంకెక్కడ చెప్తరు? ఇంటికి పిలిస్తె పనున్నదంటడు. అందరి గాలి గురించి ఇన్న. మా ఆయన మీదికొచ్చిన గాలి గురించి ఒక్కటె ఇనలే. ఈతల ఆయనను మించినోడు లేడని మీరే అంటరు. మరి ఎందుకు రాలే?”

సదానందం గ్లాసు కింద పెట్టాడు.

“పడవ తిరగవడంగనె అంచు తలకు తాకింది చెల్లె. అప్పుడే సోయి తప్పిండు. ఆయనకేం తెల్వలే.”

“తండ్లాడలేదా?”

“లేదు.”

“చేతులు నడుముకాడికి పోలేదా?”

సదానందం తల అడ్డంగా ఊపాడు. ఆమె ముఖం మాత్రం చూడలేదు.

“దానికి ముందటి వారమే గాలికి వల పోయింది,” అంది సమ్మమ్మ. “చేతులు పుండ్లైతె అల్లిన వల. కోపమాగలే. కొత్త వల తాడు నేనే ఆయన నడుముకు కట్టిన. ఈసారి వలతోనే ఇంటికి రా అన్న. నవ్వుకుంట కట్టించుకున్నడు.”

వల తాడు పడవకు కట్టాలి గానీ ఒంటికి కట్టకూడదని కట్ట మీద అందరికీ తెలుసు. పడవ తిరగబడితే తడిసిన వల మనిషిని కిందికి గుంజుతుంది. సిద్దిరాములు మెల్లగా నా పక్కకు వచ్చాడు. శవాన్ని ఒడ్డుకు తేకముందే ఆ తాడు కోసేశామని, ఆమె చూడొద్దనే కోశామని నా చెవిలో చెప్పాడు. ఇన్నాళ్లూ నేను తిట్టుకున్న కట్టుబాటు వెనక ఉన్నది ఇదీ. నాకు సిగ్గేసింది.

“ఒడ్డుకు తెచ్చినప్పుడు తాడు లేదు,” అంది సమ్మమ్మ. “ఇప్పుకున్నడేమో అనుకున్న. చెయ్యి పట్టుకొని ఏడ్చేటప్పుడు గోర్లు చూసిన అన్నా. ఊడిపోయి ఉన్నయి.”

సదానందం రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

“ముడి రాలే చెల్లె. కత్తి పడవతోనే పోయింది. నేను గూడ మునిగి గుంజిన. పండ్లతోని గూడ కొరికిన. రాలే.”

సమ్మమ్మ తన వేళ్ల వంక చూసుకుంది.

“రాదు,” అంది. “రెండు ముళ్లు ఏసిన.”